ఇమిగ్రెంట్ అంటే ఎవరు? పద్నాలుగేళ్ళుగా అమెరికాలో ఉన్న కొడుకు కాదట, మొన్న వెళ్ళిన తల్లి అట!

2025 సెప్టెంబర్ 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి (తాత్కాలిక ఉద్యోగ వీసా) దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించగానే నెల్లూరు, ఒంగోలు వాట్సాప్ గ్రూపులన్నీ వేడెక్కాయి. ఇమిగ్రెంట్లని ఇక రానివ్వరంట అని ఒకరు, మావాడు ఇమిగ్రెంట్ కాదు ఉద్యోగి అని ఇంకొకరు, గ్రీన్ కార్డు (శాశ్వత నివాస అనుమతి) వచ్చేదాకా ఎవరైనా ఇమిగ్రెంటే అని మూడో ఆయన. తమాషా ఏమిటంటే ఆ ఉత్తర్వు పేరులోనే ఉంది, అది "నాన్‌ఇమిగ్రెంట్ వర్కర్ల" ప్రవేశం మీద ఆంక్ష. అంటే అమెరికా చట్టం భాషలో హెచ్-1బి మీద పోయేవాళ్ళు ఇమిగ్రెంట్లు కానే కారు. మరి అదే అమెరికాలో పత్రికలు, జనాభా లెక్కలు వాళ్ళని ఇమిగ్రెంట్లనే ఎందుకు అంటున్నాయి?

ఎందుకంటే ఈ ఒక్క మాటకి చట్టంలో ఒక అర్థం ఉంది, లెక్కల్లో ఇంకొకటి, వీధిలో మాట్లాడుకునేటప్పుడు మరొకటి. ఏ వార్త ఏ అర్థంలో వాడుతోందో చూసుకోకపోతే అనవసరంగా టెన్షన్ పడతాం, లేదా పడాల్సిన చోట పడం.

## ఒకే ఓడ, రెండు రిజిస్టర్లు

ముందు మాట సంగతి. లాటిన్‌లో మారడం, తరలడం అనే అర్థం ఉన్న క్రియ నుంచి ఇంగ్లీషులోకి మూడు మాటలొచ్చాయి. మైగ్రెంట్ అంటే ఒక చోటు నుంచి ఇంకో చోటుకి కదిలినవాడు, దిక్కుతో పనిలేదు. ఎమిగ్రెంట్ అంటే ఇక్కడి నుంచి పోయినవాడు. ఇమిగ్రెంట్ అంటే ఇక్కడికి వచ్చినవాడు. మన వలసకి ఈ దిక్కు గొడవ లేదు, వలస పోయాడు, వలస వచ్చాడు అని క్రియతో సరిపెట్టుకుంటాం. అందుకే మనవాళ్ళు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎమిగ్రెంటూ ఇమిగ్రెంటూ తరచూ తారుమారవుతుంటాయి.

ఒకే మనిషికి ఈ రెండు పేర్లూ ఎలా అతుక్కుంటాయో చూడాలంటే 1860కి పోవాలి. ఆ ఏడాది మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ ఒప్పంద కూలీలతో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి బయలుదేరి నవంబర్ 16న డర్బన్ చేరింది. మద్రాసులో ఈ కూలీల వ్యవహారం చూసే అధికారి హోదా "ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్". నాటాల్‌లో తర్వాత అదే పనికి పెట్టిన అధికారి హోదా "ప్రొటెక్టర్ ఆఫ్ ఇండియన్ ఇమిగ్రెంట్స్". మనిషి అదే, రేవు మారేసరికి ముందున్న అక్షరం మారింది. మద్రాసు వైపు హోదా ఇంకా బతికే ఉంది, మన విదేశాంగ శాఖ కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయాలు ఇవాళ్టికీ పనిచేస్తున్నాయి.

ఇమిగ్రెంట్ అనే మాట కాస్త ఆలస్యంగా, అదీ అమెరికాలో స్థిరపడింది. న్యూ హాంప్‌షైర్ చరిత్ర రాసిన జెరెమీ బెల్క్‌నాప్ 1792లో, నిఘంటువుల్లో లేకపోయినా ఈ మాటలు వాడుకుంటున్నానని ముందే చెప్పి మరీ వాడాడు. 1828లో నోవా వెబ్‌స్టర్ తన నిఘంటువులో దానికి అర్థమిస్తూ, ఒక దేశంలోకి "శాశ్వత నివాసం కోసం" వచ్చే మనిషి అన్నాడు. ఆ శాశ్వత నివాసం అన్న ముక్క దగ్గరే రెండు వందల ఏళ్ళుగా పేచీ నడుస్తోంది.

## అమెరికా చట్టం చూసేది రోజులు కాదు, ఉద్దేశం

అమెరికాకి వెళ్ళే విదేశీయుల విషయంలో మూల చట్టం 1952 నాటిది. అది ఇమిగ్రెంట్‌ని నిర్వచించిన తీరు విచిత్రంగా ఉంటుంది. ఇమిగ్రెంట్ అంటే ఫలానా అని చెప్పదు. విదేశీయుడు ఎవరైనా ఇమిగ్రెంటే, కింద చెప్పిన తరగతుల్లో ఉన్నవాళ్ళు తప్ప, అని మొదలుపెట్టి ఒక పొడుగాటి జాబితా ఇస్తుంది. టూరిస్టులు, విద్యార్థులు, దౌత్యవేత్తలు, తాత్కాలిక ఉద్యోగులు, ఇలా ఒక్కొక్కరికీ ఒక అక్షరం. మనం బి1 (వ్యాపార పర్యటన), ఎఫ్1 (విద్యార్థి), హెచ్-1బి, ఎల్1 (కంపెనీ బదిలీ) అనే అక్షరాలన్నీ ఆ జాబితాలో పేరాల గుర్తులే. అందుకే విద్యార్థి అయినా ఉద్యోగి అయినా నింపే డీఎస్-160 ఫారం నెత్తిన నాన్‌ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు అని ఉంటుంది.

ఇక 214బి. మాగుంట లేఅవుట్‌లో కన్సల్టెన్సీల చుట్టూ తిరిగే పిల్లలకి ఈ నంబరు బాగా తెలుసు, అర్థం మాత్రం చాలామందికి సరిగ్గా తెలీదు. ఆ సెక్షన్ చెప్పేది ఏమిటంటే, వీసా అడిగే ప్రతి విదేశీయుడినీ ముందు ఇమిగ్రెంట్ అనే అనుకోవాలి, కాదని వీసా అధికారికి నమ్మకం కలిగించాల్సిన బాధ్యత అడిగేవాడిదే. మామూలుగా తప్పు రుజువయ్యేదాకా నిర్దోషి అంటారు కదా, ఇక్కడ తలకిందులు.

కావలి అమ్మాయి ఒకామె ఎమ్మెస్ సీటు తెచ్చుకుని హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి పోయింది అనుకుందాం. మార్కులు బాగున్నాయి, బ్యాంకు లోను మంజూరైంది, కాగితాల్లో ఒక్కటీ తప్పు లేదు. మూడు ప్రశ్నలడిగి, 214బి కింద తిరస్కరించామని చీటీ చేతికిచ్చారు. ఇంట్లోవాళ్ళు ఏ కాగితంలో తేడా వచ్చిందో అని ఫైలంతా తిరగేస్తారు. చాలాసార్లు తేడా కాగితాల్లో ఉండదు, చదువయ్యాక ఈమె తిరిగి వస్తుందని ఆ అధికారికి నమ్మకం కుదరలేదు, అంతే. అధికారుల వైపు వాదన, చదువు పేరుతో వచ్చి ఉండిపోయేవాళ్ళని వడగట్టడానికి ఇంకో దారి లేదని. విద్యార్థుల వైపు వాదన, ఇరవై రెండేళ్ళ పిల్లకి సొంత ఆస్తి, సంసారం, ఉద్యోగం ఏవీ ఉండవు, తిరిగి వస్తానని దేంతో రుజువు చేస్తుంది అని. రెంటిలోనూ బలముంది. నాకైతే రెండోది ఎక్కువ న్యాయంగా కనిపిస్తుంది, ఎందుకంటే మనసులో ఉన్న ఉద్దేశాన్ని రెండు నిమిషాల్లో అద్దాల కిటికీ అవతల నుంచి తేల్చేయడం ఎవరికైనా కష్టమే.

అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. హెచ్-1బి, ఎల్1 వాళ్ళకి ఈ ముందస్తు అనుమానం వర్తించదు. వాళ్ళు తాత్కాలికంగా వెళ్తున్నామని చెబుతూనే గ్రీన్ కార్డుకీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీన్ని డ్యూయల్ ఇంటెంట్ అంటారు, రెండు ఉద్దేశాలూ ఒకేసారి ఉండొచ్చని చట్టమే ఒప్పుకోవడం.

## తల్లి ఇమిగ్రెంట్, కొడుకు కాదు

ఇప్పుడు ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. కందుకూరులో అమ్మ ఒక్కతే ఉంటోంది. కూతురు పెళ్ళయ్యి ఎప్పుడో అమెరికా వెళ్ళి అక్కడి పౌరసత్వం తీసుకుంది. కొడుకు పద్నాలుగేళ్ళ కిందట హెచ్-1బి మీద వెళ్ళాడు, డల్లాస్‌లో ఇల్లు కొన్నాడు, ఇద్దరు పిల్లలు అక్కడే పుట్టి అక్కడే బడికి పోతున్నారు.

కూతురు అమ్మకి గ్రీన్ కార్డు కోసం పెట్టింది. ఇరవై ఒకటి దాటిన అమెరికా పౌరుల తల్లిదండ్రులకి ఏటా ఇన్నే అనే పరిమితి లేదు, కాబట్టి కాగితాలు తిరగడానికి పట్టేంత కాలమే తప్ప క్యూ ఉండదు. అమ్మకి ఇమిగ్రెంట్ వీసా వచ్చింది. చలి పడదు, మాట్లాడే మనిషి లేదు, ఎప్పుడు కందుకూరు వచ్చేద్దామా అని ఆమెకి ఉంది. అయినా చట్టం దృష్టిలో విమానం దిగిన రోజు నుంచీ ఆమె ఇమిగ్రెంట్.

కొడుకు? నాన్‌ఇమిగ్రెంట్. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు లక్షా నలభై వేల గ్రీన్ కార్డులే ఉంటాయి, భార్యాపిల్లల్ని కూడా అందులోనే లెక్కేస్తారు, పైగా ఏ ఒక్క దేశం వాళ్ళకీ సాధారణంగా 7 శాతానికి మించకూడదని నియమం. దేశం అంటే మాల్టా అయినా ఒకటే, ఇండియా అయినా ఒకటే. మనవాళ్ళ క్యూ ఏళ్ళ తరబడి సాగడానికి కారణం ఇదే. హెచ్-1బి మామూలుగా ఆరేళ్ళే, కానీ గ్రీన్ కార్డు మొదటి మెట్లు దాటి వంతు కోసం ఆగినవాళ్ళకి 2000లో వచ్చిన చట్టం వల్ల పొడిగింపులు దొరుకుతాయి. అలా పొడిగించుకుంటూ పోతే తాత్కాలికం పద్నాలుగేళ్ళయినా తాత్కాలికమే.

ఇంకో మెలిక కూడా ఉంది. అదే కొడుకుని అమెరికా పన్నుల శాఖ "రెసిడెంట్ ఏలియన్", అంటే అక్కడ నివాసం ఉండే విదేశీయుడు, అంటుంది, ఏడాదంతా అక్కడే ఉన్నాడు గనక. మన ఆదాయపు పన్ను శాఖకి అతను ఎన్నారై. వీసా ఆఫీసు నివాసి కాదన్నవాడిని పన్నుల ఆఫీసు నివాసే అని పట్టుకుంటుంది. పన్ను దగ్గర మాత్రం ఎవరూ మనల్ని పరాయివాళ్ళుగా చూడరు!

## లెక్కలు తీసేవాళ్ళ పద్ధతి వేరు

జనాభా లెక్కలవాళ్ళకి ఉద్దేశంతో పనిలేదు. అమెరికా సెన్సస్ ఎక్కడ పుట్టావు అని అడుగుతుంది. పుట్టుకతో అమెరికా పౌరుడు కాని ప్రతివాడూ "విదేశంలో పుట్టినవాడు" ఖాతాలోకి పోతాడు, అతను పౌరుడైపోయినా, హెచ్-1బిలో ఉన్నా, విద్యార్థి అయినా, కాగితాలే లేకపోయినా. పరిశోధన సంస్థలు, పత్రికలు ఇమిగ్రెంట్ల సంఖ్య అని చెప్పేది సాధారణంగా ఈ లెక్కే. కాబట్టి అమెరికాలో భారతీయ ఇమిగ్రెంట్లు ఇన్ని లక్షలు అనే వార్తలో మన డల్లాస్ కొడుకు ఉంటాడు. వాళ్ళలో గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళెందరు అని తేలాలంటే వేరే లెక్క చూడాలి.

ఐక్యరాజ్యసమితి పద్ధతిలో మామూలుగా ఉండే దేశం మారి కనీసం పన్నెండు నెలలు గడిస్తే దీర్ఘకాలిక వలస. వాళ్ళ అంచనాలో, ఇది ఎక్కువగా పుట్టిన దేశం చూసి వేసింది, 2024లో ప్రపంచంలో అంతర్జాతీయ వలసవాళ్ళు 30.4 కోట్లమంది. బ్రిటన్ కూడా ఈ పన్నెండు నెలల కొలతనే వాడుతుంది, అందువల్ల అక్కడ ఏడాదికి పైగా చదివే విదేశీ విద్యార్థులంతా వలస లెక్కలో పడతారు. యూనివర్సిటీలు దీని మీద ఎప్పటినుంచో గొడవ పెడుతున్నాయి, చదువుకుని పోయేవాళ్ళని వలసవాళ్ళని ఎలా అంటారు, ఆ అంకె చూపించి రాజకీయ నాయకులు వీసాలు బిగిస్తున్నారు అని. లెక్కలు తీసేవాళ్ళు, ఉన్నంతకాలం వాళ్ళకీ ఇల్లు కావాలి, ఆసుపత్రి కావాలి, బస్సు కావాలి, లెక్కలోంచి తీసేస్తే ప్లాను ఎలా వేస్తాం, పోయినప్పుడు పోయినవాళ్ళ కింద ఎలాగూ రాసుకుంటాం కదా అంటారు. లెక్కగా చూస్తే రెండోవాళ్ళదే సబబు. కానీ ఆ లెక్క మీద జరిగే రాజకీయం గురించి మొదటివాళ్ళు చెప్పేదీ అబద్ధం కాదు.

మనిషి కదలకుండా గీత కదిలితే ఏం చేస్తారు అనేది లెక్కలవాళ్ళకి నిజమైన తలనొప్పి. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు, అంతకుముందు ఒకే దేశంలో అటూ ఇటూ మారిన లక్షలాది జనం రాత్రికి రాత్రి అంతర్జాతీయ వలసవాళ్ళ ఖాతాలో పడ్డారు. మనకి ఇలాంటివి చిన్న స్థాయిలో తెలిసినవే. నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోంచి ఆంధ్ర రాష్ట్రంలోకి 1953 అక్టోబర్ 1న మారింది. నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంత తీసి 1970లో ఒంగోలు జిల్లా చేశారు, అదే తర్వాత ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది. ఇన్ని మారినా ఊళ్ళో పెద్దాయన అరుగు దిగలేదు.

## కువైట్‌కి పోయినవాడు ఎక్కడా ఇమిగ్రెంట్ కాడు

ఉదయగిరి మెట్ట వైపు నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్ళ సంగతి ఇంకో రకం. మన 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశంలో ఉద్యోగం చేయడం కోసం దేశం విడిచిపోయే భారత పౌరుడు ఎమిగ్రెంట్. సాధారణంగా పదో తరగతి పాస్ కానివాళ్ళకి ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు ఇస్తారు, దానితో గల్ఫ్ దేశాలతో కలిపి పద్దెనిమిది దేశాలకి పనికి పోవాలంటే ముందుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. నిర్వచనంలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కూడా ఎమిగ్రెంటే, కానీ అతనికి ఆ క్లియరెన్స్ గొడవ లేదు కాబట్టి తనకి ఆ పేరుందని కూడా తెలీదు.

కువైట్ దిగాక ఇతన్ని అక్కడ ఇమిగ్రెంట్ అని ఎవరూ అనరు. శాశ్వతంగా ఉండిపోయే దారే దాదాపు లేదు మరి. కఫీల్ (పూచీ పడే యజమాని) ఉన్నంతవరకూ అకామా (నివాస అనుమతి), అకామా ఉన్నంతవరకూ ఉండడం. ఇరవై ఏళ్ళు డ్రైవరుగా చేసినా తిరిగి రావాల్సిందే. అక్కడి అధికారిక ఇంగ్లీషులో ఇతను ఎక్స్‌పాట్రియేట్, అంటే ఎక్స్‌పాట్. ఈ ఎక్స్‌పాట్ మాట మీద ఇంగ్లీషు ప్రపంచంలో పెద్ద వాదమే ఉంది. దుబాయిలోనో సింగపూర్‌లోనో ఉండే తెల్లవాళ్ళు తమని ఎక్స్‌పాట్లు అనుకుంటారు, లండన్ వచ్చిన నల్లవాళ్ళనీ మనవాళ్ళనీ ఇమిగ్రెంట్లు అంటారు, ఇది రంగూ డబ్బూ చూసి పెట్టే పేరు అని కొందరు. కాదు, కంపెనీ పంపితే కొన్నేళ్ళు ఉండి వెనక్కి పోయేవాడు ఎక్స్‌పాట్, ఉండిపోవడానికి వచ్చినవాడు ఇమిగ్రెంట్, తేడా కాలానిదే అని కొందరు. ఆ రెండో వాదనే నిజమైతే కువైట్‌లో మన డ్రైవరూ ఎక్స్‌పాటే, డల్లాస్‌లో హెచ్-1బి కొడుకూ ఎక్స్‌పాటే. వీధిలో మాత్రం వాళ్ళనెవరూ అలా పిలవగా నేను వినలేదు.

## ముందు తగిలించే విశేషణాలు

2025 ఫిబ్రవరిలో అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయుల్ని అమృత్‌సర్‌లో దించినప్పుడు మళ్ళీ మాటల యుద్ధం మొదలైంది. ఇల్లీగల్ ఇమిగ్రెంట్లు అనాలా, అన్‌డాక్యుమెంటెడ్ (కాగితాలు లేనివాళ్ళు) అనాలా? అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ 2013లోనే ఇల్లీగల్ ఇమిగ్రెంట్ అనే వాడుక మానేసింది, చేసిన పని చట్టవిరుద్ధం కావొచ్చు గానీ మనిషి చట్టవిరుద్ధం కాడు అన్నది అక్కడి తర్కం. ఎదుటివాళ్ళు, చట్టం దాటి వచ్చినవాడిని కాగితాలు మర్చిపోయినవాడిలా చూపించడం మెత్తబరచడం కాదా అని అడుగుతారు. అమెరికా ప్రభుత్వంలో కూడా బైడెన్ హయాంలో ఏలియన్ మాట పక్కనపెట్టి నాన్‌సిటిజన్ అన్నారు, ట్రంప్ తిరిగొచ్చాక పాత మాటే వచ్చింది. మన పౌరసత్వ చట్టంలో 2003 సవరణ నుంచి "ఇల్లీగల్ మైగ్రెంట్" అనే నిర్వచనమే ఉంది. సరైన పత్రాలు లేకుండా వచ్చిన విదేశీయుడూ, సరిగ్గానే వచ్చి గడువు దాటాక ఉండిపోయినవాడూ ఇద్దరూ అందులోకి వస్తారు.

శరణార్థి సంగతి వేరు. 1951 అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం జాతి, మతం, రాజకీయాభిప్రాయం లాంటి కారణాలతో వేధిస్తారన్న భయంతో దేశం దాటినవాడికి వెనక్కి పంపకూడదనే రక్షణ ఉంటుంది. అందుకే 2015లో మధ్యధరా సముద్రం దాటి వస్తున్నవాళ్ళని మైగ్రెంట్లు అనబోమని అల్ జజీరా ప్రకటించింది. ఆ ఒప్పందం మీద ఇండియా సంతకం చేయలేదు, శరణార్థులకని మనకి ప్రత్యేక చట్టమూ లేదు.

## మన దగ్గరికి వచ్చినవాళ్ళు

పోయేవాళ్ళ గురించే మాట్లాడుకుంటాం గానీ, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, కృష్ణపట్నం వైపు పనుల్లో ఒడిశా, బిహార్ మనుషులు ఎంతమంది లేరు? ఒడియా మాట్లాడేవాళ్ళని కూడా మనం హిందీవాళ్ళు అనేసి ఊరుకుంటాం. వీళ్ళు ఇమిగ్రెంట్లు కారు, దేశం దాటలేదు గనక. మైగ్రెంట్లు అవుతారు. అయితే మన సెన్సస్ ప్రకారం మైగ్రెంట్ అంటే పుట్టిన ఊరో, అంతకుముందు ఉన్న ఊరో వేరైన ప్రతి మనిషీ. 2011లో అలాంటివాళ్ళు 45 కోట్లకు పైనే తేలారు, ఆడవాళ్ళ వరకు చూస్తే అన్నిటికంటే పెద్ద కారణం పెళ్ళి. దర్శి నుంచి కావలికి కోడలిగా వచ్చినామె వలస మనిషే. ఆమె పుట్టింటికి పోయి కాన్పు చేయించుకుని మూడో నెలలో బిడ్డనెత్తుకుని వస్తే, పుట్టిన ఊరి లెక్కన ఆ పసిబిడ్డా వలస వచ్చినట్టే. వలసవాళ్ళు ఇన్ని కోట్లు అనే అంకె చూసి అంతా కూలిపనికి పోయినవాళ్ళే అనుకుంటే పొరపాటు.

కార్మిక చట్టం ఇంత విశాలంగా ఉండదు. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు ద్వారా ఇంకో రాష్ట్రం నుంచి తెచ్చినవాళ్ళనే గుర్తించింది. తనంతట తాను రైలెక్కి వచ్చి అదే క్వారీలో అదే పని చేసేవాడు ఆ లెక్కలో లేడు. దాని స్థానంలో తెచ్చిన 2020 కార్మిక భద్రతా కోడ్, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది, సొంతంగా వచ్చినవాళ్ళనీ కలుపుకుంది, కానీ నెలకి 18 వేల జీతం అనే గీత గీసింది. బరంపురం నుంచి ఒకే బోగీలో వచ్చిన ఇద్దరిలో 17 వేలు తీసుకునే హెల్పరు వలస కార్మికుడు, 20 వేలు తీసుకునే క్రేన్ ఆపరేటరు కాదు. ఇక కనిగిరి నుంచి గుంటూరు మిరపకోతలకి పిల్లాజెల్లాతో పోయే కుటుంబానికి రెండు చట్టాల్లోనూ చోటు లేదు, రాష్ట్రం దాటలేదు కాబట్టి. వాళ్ళే బేల్దారి పనికి హైదరాబాద్ పోతే, 2014 జూన్ 2 నుంచి, అంతర్రాష్ట్ర వలస కిందికి వస్తారు.